నూనెకు పరీక్ష, నెత్తురుకు లేదా?

2022 అక్టోబరు 12 రాత్రి. గోవా నుంచి వస్తున్న స్పైస్‌జెట్ క్యూ400 విమానం శంషాబాద్‌లో దిగాల్సి ఉండగా లోపల పొగ కమ్ముకుంది. కాక్‌పిట్‌లో పొగ, క్యాబిన్‌లో పొగ. పైలట్లు అత్యవసరంగా దించేశారు. విమానంలో ఉన్న 86 మంది ప్రయాణికులూ బయటపడ్డారు. దిగే తొందరలో ఒకరి కాలు కాస్త గీసుకుపోయింది, అంతే. ఇదంతా జరుగుతున్నంతసేపూ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి రావలసిన మరో తొమ్మిది విమానాలను దారి మళ్లించారు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విచారణలో కారణం త్వరగానే బయటపడింది. బ్లీడ్ ఆఫ్ వాల్వ్‌లో ఇంజిన్ ఆయిల్ కనిపించింది. అక్కడి నుంచి ఏసీ వ్యవస్థలోకి చేరి పొగైంది. ఆదేశాలు గట్టిగానే వచ్చాయి. ఆ సంస్థ నడుపుతున్న 14 క్యూ400 విమానాల్లోని 28 ఇంజిన్ల నుంచి 15 రోజులకోసారి నూనె నమూనా తీసి, తయారీదారైన ప్రాట్ అండ్ విట్నీ కెనడాకు పంపాలి. అందులో లోహపు రజను, కార్బన్ సీల్ రేణువులు ఉన్నాయేమో చూడాలి. వాల్వ్ జాలీ దగ్గర, దాని గూటిలో నూనె తడి ఉందేమో వారంలోగా తేల్చాలి. బోరోస్కోప్ దించి ఇంజిన్ లోపల చూడాలి.

ఇవన్నీ అవసరమే. అయితే పత్రికల్లో వచ్చిన ఆ ఆదేశాలన్నీ ఇంజిన్ సంగతులే. ఆ గాలి పీల్చిన మనుషుల ఒంట్లో ఏం చేరిందో చూడమన్న మాట వాటిలో కనిపించదు. ఈ సంవాదం ఆ మాట చుట్టూనే.

వాదించుకున్న ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. మేనమామ బేగంపేట రోజుల్లో విమానాల మెయింటెనెన్స్‌లో చేరి, 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు మారాక ఇక్కడే పనిచేసి రిటైరైన ఇంజినీరు. మేనకోడలు క్యాబిన్ క్రూ. రాళ్లగూడలో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉంటోంది. తనకు జరిగినదాని మీద డీజీసీఏకు అర్జీ రాసుకుంది. ఇంజినీరు సంతకం ఉంటే బరువుంటుందని మామ దగ్గరికి తెచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“మూడో వాక్యం మీద నేను సంతకం పెట్టలేను బిడ్డా. ఇంజిన్ నూనె పొగ పీల్చి నరాల జబ్బు తెచ్చుకున్నానని రాశావు. పొగ వచ్చిందంటే నమ్ముతా. ఒంట్లో బాగాలేదంటే నిన్ను చూస్తుంటేనే తెలుస్తోంది. దీనివల్లే అది వచ్చిందని ఎవరు తేల్చారు?”

“ఎవరూ తేల్చలేదు మామయ్యా. తేల్చడానికి ఎవరూ రాలేదు. అర్జీ అందుకే.”

ఏం జరిగిందో ఆమె మొదటి నుంచి చెప్పింది. పొద్దున సెక్టారు. దిగడం మొదలైన కాసేపటికి వెనక గ్యాలీలో తడి మేజోళ్ల కంపు. కంటికి పొగ కనిపించలేదు. కళ్లు మండాయి, నాలుక మీద ఇనుము రుచి, నుదురు బిగిసిపోయింది. రోజుకు నాలుగుసార్లు చెప్పే ల్యాండింగ్ అనౌన్స్‌మెంట్‌లో పక్క అమ్మాయికి సగంలో మాట అందక మైకు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. దిగాక డిఫెక్ట్ లాగ్‌లో రాశారు. ఇంజినీర్లు వచ్చి నేల మీద ఇంజిన్ నడిపి చూశారు. వాసన రాలేదు. “స్నాగ్ మళ్లీ కనిపించలేదు” అని సంతకం చేశారు. అదే విమానంలో ఆమె తర్వాతి సెక్టారు కూడా చేసింది. తలనొప్పి మూడు రోజులు పోలేదు. చేతి వేళ్ల చివర తిమ్మిరి ఇప్పటికీ వచ్చిపోతోంది. చూసిన డాక్టరు నిద్ర చాలడం లేదన్నాడు, గ్యాస్ అన్నాడు, విటమిన్ బిళ్లలు రాశాడు.

మామ లేచి అలమర తెరిచి, గుడ్డలో చుట్టిన వస్తువొకటి తీసుకొచ్చాడు. నల్లటి ఉంగరం, గాజంత ఉంది. ఒక వైపు అద్దంలా నునుపు, రెండో వైపు గరుకు. నునుపు వైపు అంచున గోటికి తగిలే చిన్న గాటు.

“కార్బన్ సీల్. ఈ గాటు కోసమే దీన్ని తీసేశాం. మనం పైన పీల్చే గాలి ఎక్కడిదో నీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. 35 వేల అడుగుల దగ్గర బయటి గాలి మనిషికి చాలదు. అందుకని ఇంజిన్ కంప్రెసర్ నొక్కిన గాలిలో కొంత, ఇంధనం కలిసి మండకముందే పక్కకు లాగుతారు. అది బ్లీడ్ ఎయిర్. ప్యాక్‌లు దాన్ని చల్లార్చి మీకు పంపుతాయి. అదే ఇంజిన్‌లో బేరింగుల చుట్టూ నూనె తిరుగుతుంటుంది. ఆ నూనె ఈ గాలిలోకి రాకుండా ఆపేది ఇది. సీలు కొత్తదైనా సరే, గాలి ఒత్తిడి సరిగా ఉంటేనే పట్టు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడూ, దిగడానికి పవర్ తగ్గించేటప్పుడూ ఆ ఒత్తిడి మారుతుంది. అప్పుడు కాస్తంత జారొచ్చు. ఇంతవరకు నీతో నాకు తగువు లేదు.”

“ఫిల్టర్లు ఉన్నాయి, ఆపరేషన్ థియేటర్‌లో వాడే రకం అని ప్రయాణికులకు చెబుతాం కదా?”

“హెపా ఫిల్టర్ క్యాబిన్‌లో ఒకసారి తిరిగిన గాలికి. దుమ్మునూ క్రిములనూ పట్టుకుంటుంది, ఆవిరిని పట్టలేదు. ఇంజిన్ నుంచి వచ్చే కొత్త గాలికి చాలా విమానాల్లో ఫిల్టరే ఉండదు. వాసన పసిగట్టే సెన్సారూ ఉండదు. మీ ముక్కులే సెన్సార్లు.”

అంత నిజాయితీగా చెప్పిన మనిషి సంతకం దగ్గర ఎందుకు ఆగుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. నూనె మాటకొచ్చింది. విమానపు నూనెలో అరుగుదల తగ్గడానికి ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ కలుపుతారు, సాధారణంగా 3 శాతం లోపే. భాస్వరపు జాతి రసాయనం, మన పత్తి చేలకు కొట్టే చాలా పురుగుమందులకు దూరపు చుట్టం.

“1959లో మొరాకోలోని మెక్నెస్‌లో జెట్ ఇంజిన్ నూనె కలిపిన వంటనూనె తిని సుమారు పదివేల మంది కాళ్లు పడిపోయాయి. మన దేశంలోనే, 1988లో కలకత్తా బెహాలాలో ఇదే రసాయనం కలిసిన వంటనూనె తిని వందల మంది నడవలేకపోయారు. ఇది నరాలను తినేస్తుందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?”

“వాళ్లు తిన్నారు, రోజుల తరబడి తిన్నారు. పైగా ఆ రసాయనంలో అసలు చెడ్డది ఆర్థో రూపం. దాని సంగతి తెలిశాక నూనె తయారీలో దాన్ని బాగా తగ్గించేశారు. క్యాబిన్ గాలిలో దొరికేది ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల లెక్క, అది కూడా దొరికినప్పుడు. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు వంద విమాన ప్రయాణాల్లో గాలి పట్టి చూసి 2011లో నివేదిక ఇచ్చారు. ఆరోగ్య పరిమితులు దాటిందేమీ లేదన్నారు. ఐరోపా విమాన భద్రతా సంస్థ చేయించిన అధ్యయనం 2017లో వచ్చింది. క్యాబిన్ గాలి ఆఫీసులూ బడుల్లో గాలికి తీసిపోదని తేల్చింది. వీటన్నిటినీ కాదని నేనెలా సంతకం పెట్టేది?”

ఆమె ఈ ప్రశ్న కోసమే సిద్ధమై వచ్చింది.

“బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే విషపదార్థాల కమిటీ 2007లో ఇచ్చిన లెక్క మీకు గుర్తుందా? పైలట్లు చెప్పేదాని ప్రకారం నూటికి ఒక ప్రయాణంలో పొగో కంపో వస్తుంది. ఇంజినీర్లు వెతికి ధ్రువీకరించింది 0.05 శాతమే. అంటే రెండు వేల ప్రయాణాలకు ఒకటి. మీరు నమ్మేది ఇంజినీర్ల లెక్కే కదా? రెండు వేలకు ఒకసారి జరిగేదాన్ని పట్టుకోవడానికి వంద ప్రయాణాలు ఎలా చాలతాయి మామయ్యా? మామూలు రోజున గాలి బాగానే ఉంటుంది. బాగుండదని నేనూ అనలేదు. నేనడిగేది ఆ చెడ్డ రోజు గురించి.”

ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఆమె లెక్కలో తప్పు లేదు. ప్రపంచమంతటా ఈ వాదం ఇక్కడే ఇరుక్కుని ఉంది. కొలిచినవన్నీ మామూలు రోజులు, జబ్బు పడ్డామంటున్నవన్నీ కొలవని రోజులు. పరికరం పెట్టిన విమానంలో సీలు జారదు, సీలు జారిన విమానంలో పరికరం ఉండదు.

అయినా ఆయన దగ్గర ఇంకో మాట ఉంది, కొట్టిపారేయదగింది కాదు. “మీ పని చూడు. అర్ధరాత్రి పికప్, తెల్లారి రిపోర్టింగ్, నిద్రకు వేళాపాళా లేదు. క్యాబిన్‌లో ఒత్తిడి దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత. తేమ చాలాసార్లు 20 శాతం కూడా ఉండదు. తలనొప్పి, తిమ్మిరి, మాట తడబాటు, వీటిలో ఏదైనా అలాంటి పని వల్ల రావొచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ పైలట్ రిచర్డ్ వెస్ట్‌గేట్ 2012లో చనిపోతే అందరూ విషవాయువులే అన్నారు. మరణాలను విచారించే కరోనర్ ఒకాయన 2015లో హెచ్చరిక లేఖ కూడా రాశాడు. చివరికి 2017లో విచారణ ముగిస్తే ఏమని తేలింది? నిద్ర కోసం మింగిన మందు మోతాదు మించి, అనుకోకుండా జరిగిన మరణం అని. ముందే కారణం నిర్ణయించుకుంటే డాక్టర్లు అసలు జబ్బు వెతకరు. నీ వేళ్ల తిమ్మిరికి మరో కారణం ఉండి, నువ్వు దీన్నే పట్టుకుని కూర్చుంటే? నా భయం అది.”

మేనమామ మాట్లాడాడిక్కడ, ఇంజినీరు కాదు. ఆమె గొంతు కూడా కాస్త తగ్గింది.

“ఆస్ట్రేలియాలో జోఆన్ టర్నర్ సంగతి చదివాను. 1992 మార్చి 4న సిడ్నీ నుంచి బ్రిస్బేన్ వెళ్తున్న బీఏఈ 146లో పొగ పీల్చింది. మన్నూ మశానమూ అని కొట్టిపారేశారు. 2009లో న్యూ సౌత్ వేల్స్ ట్రిబ్యునల్ ఆమెకు లక్షా 38 వేల డాలర్ల పైన పరిహారం ఇచ్చింది. సంస్థ అప్పీలుకు పోతే 2010లో అక్కడి హైకోర్టు, అంటే వాళ్ల దేశపు అత్యున్నత కోర్టు, వినడానికే ఒప్పుకోలేదు.”

“ఆ తీర్పు దగ్గు గురించి. ఊపిరితిత్తులకు జరిగిన హాని గురించి. నరాల గురించి కాదు. అది నువ్వు చెప్పాలి.”

“చెబుతాను. దగ్గుకే 18 ఏళ్లు పట్టింది మామయ్యా.”

వాదం ముందుకు పోయింది సిగరెట్ల దగ్గర. విమానాల్లో సిగరెట్లు కాల్చే రోజులు మామ చూశాడు. అటెండెంట్లు ఆ పొగలోనే ట్రేలు మోసేవాళ్లు. పక్కవాడి పొగతో జబ్బు వస్తుందని రుజువు లేదని పొగాకు కంపెనీలు ఏళ్ల తరబడి అన్నాయి. 1991లో అమెరికా అటెండెంట్లు మయామీలో దావా వేశారు. 1997లో కంపెనీలు రాజీకి వచ్చి, పరిశోధన కోసం 30 కోట్ల డాలర్లు ఇచ్చాయి.

“అదే కథ ఇది కూడా,” అందామె.

“కాదు. అక్కడ కొలిచారు. 1989లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎయిర్ కెనడా విమానాల్లో నలుగురు అటెండెంట్లనూ ఐదుగురు ప్రయాణికులనూ తీసుకుని, వాళ్ల ఒంట్లో చేరిన నికోటిన్ జాడ మూత్రంలో కొలిచారు. తొమ్మిది మందే. కానీ సిగరెట్ ముట్టని మనిషి మూత్రంలో పొగాకు జాడ కనిపించాక నోరెత్తే వీలు లేకపోయింది. అలాంటి కాగితం ఒక్కటి చూపించు, ఇప్పుడే సంతకం పెడతా.”

“ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? నేను దిగినప్పుడు నా నెత్తురు ఎవరు తీశారు?”

అర్జీ అసలు విషయం ఇదేనని అప్పటికి ఇద్దరికీ స్పష్టమైంది. మామ పెన్ను తీసి కాగితం వెనక లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. నూనె కాలితే కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. నెత్తురులో దాని జాడ మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటల్లో సగానికి పడిపోతుంది. మర్నాడు ఆసుపత్రికి పోతే చూపించడానికేమీ మిగలదు. విమానాశ్రయంలోనే వైద్య కేంద్రం ఉంది. దిగిన వెంటనే గొట్టంలో కాస్త నెత్తురు తీసి, వేళ రాసి, చల్లగా ఉంచడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పురుగుమందు కొట్టి పడిపోయిన రైతును తెస్తే రాసే నెత్తురు పరీక్షల్లో కోలినెస్టరేజ్ ఒకటి. తెలుగు నేల మీద ఆ పరీక్ష తెలియని పెద్దాసుపత్రి లేదు. రసాయనాల జాడ తీయడానికి టార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది.

“కోలినెస్టరేజ్ మామూలుగా వచ్చినంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు,” అని ఆయనే చేర్చాడు. “ఈ పొగకు ప్రత్యేకంగా ఇదీ గుర్తు అని అందరూ ఒప్పుకున్న పరీక్ష ఇంకా లేదు. అది కూడా రాయి. లేకపోతే రేపు నీ రిపోర్టు నార్మల్ అని చూపించి నీ నోరే మూయిస్తారు.”

ఈ చిన్న సలహా విలువ ఎంతో. సాయం చేస్తుందనుకున్న పరీక్షే ఎదురు తిరిగిన సందర్భాలు కార్మికుల బతుకుల్లో కొల్లలు.

ఆమె మరో విషయం ఎత్తింది. పొగ వస్తే పైలట్లకు ఆక్సిజన్ మాస్కులు ఉంటాయి. ప్రయాణికుల తల మీద పడే పసుపు మాస్కులు పొగకు కాదు, ఒత్తిడి పడిపోయినప్పటికి. అవి క్యాబిన్ గాలినే కలిపి ఇస్తాయి. క్రూకు ఉన్న స్మోక్ హుడ్ మంటలు ఆర్పడానికి, సుమారు పావుగంట సేపటికి. మంట లేకుండా వచ్చే కంపుకు తమకేమీ లేదు. తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని సీట్ల మధ్య తిరగాలి. ప్రయాణికుడైతే ఆ ఒక్కసారి పీల్చి ఇంటికి పోతాడు. ఆమె మళ్లీ అదే విమానం ఎక్కాలి.

“మరి ఎందరు రాస్తున్నారు? కంపు వచ్చిన ప్రతిసారీ రాస్తే మా లాగ్‌బుక్కుల్లో కనపడేది.”

“రాస్తే అన్‌ఫిట్ అంటారని భయం. ఎగిరిన గంటలకే డబ్బు మామయ్యా. నేల మీద కూర్చుంటే అద్దె కట్టలేం. విమానం ఆగిపోతే అందరూ మన వైపే చూస్తారు. అందుకే చాలామంది ఒక పారాసిటమాల్ వేసుకుని ఊరుకుంటారు. వాల్ స్ట్రీట్ జర్నల్ 2025 సెప్టెంబరులో వేసిన లెక్క చూడండి. అమెరికాలో 2014లో పది లక్షల ప్రయాణాలకు 12 నివేదికలు వస్తే, 2024లో 108 దాకా వచ్చాయి.”

“పొగ పెరిగిందో, రాసేవాళ్లు పెరిగారో?”

“రెండూ కావచ్చు. రాసేవాళ్లు పెరిగితే తప్పేముంది?”

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. ఇక ఇద్దరూ కలిసి అర్జీ తిరగరాశారు. పొగ వచ్చిన వేళ, ఏ దశలో, ఏ సీట్ల దగ్గర, లాగ్‌లో ఏం రాశారు, ఇవి ముందు పెట్టారు. తర్వాత అడిగేవి. దిగిన నాలుగు గంటల్లోపు క్రూ నెత్తురు, మూత్రం నమూనాలు తీయాలి. ఆ నమూనా ఇచ్చినంత మాత్రాన అన్‌ఫిట్ చేయకూడదు. డక్టుల్లోనూ ప్యాక్‌ల్లోనూ నూనె తడి ఉందేమో గుడ్డతో తుడిచి చూశాకే విమానం వదలాలి, వాసన మళ్లీ రాలేదన్న ఒక్క మాట మీద కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే పొగ ఘటనల మీద శిక్షణ, నివేదికల కోసం 344 నంబరు సర్క్యులర్ ఇచ్చింది. అందులోని పద్ధతిని మన దగ్గర క్రూ ట్రైనింగ్‌లో తప్పనిసరి చేయాలి.

ఇంజిన్ గాలి లేకుండానే విమానం నడుస్తుందని బోయింగ్ 787 వచ్చి 2011 నుంచీ చూపిస్తోందనీ, అందులో విడిగా కరెంటు కంప్రెసర్లు బయటి గాలిని తీసుకుంటాయనీ మామ చెప్పాడు. కానీ దాన్ని అర్జీలో పెట్టవద్దన్నాడు. ఉన్న విమానాలకు అది కుదరదు, అడిగితే నవ్వుతారు అని. ఆమె మాత్రం చట్టం పేరా వదలనంది. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం విమాన సిబ్బందినీ ఉద్యోగులుగానే చూసేది. దాని మూడో షెడ్యూలులోని వృత్తి వ్యాధుల్లో భాస్వరమూ దాని విష సమ్మేళనాలూ తెచ్చే జబ్బులు ఉండేవి. ఇది ఆయనకు కొత్త. ఆ పేరా తానే సాపు చేసి ఇచ్చాడు.

మిగిలింది మూడో వాక్యం. “నాకు అనుమానం” అని మార్చమన్నాడు. మార్చనంది. తన ఒళ్లు తనకు తెలుసునంది, అబద్ధం రాయడం లేదంది. ఆయన కాసేపు కాగితం చూస్తూ కూర్చుని, చివరి పేజీ కింద తన లైసెన్స్ నంబరు వేసి సంతకం చేశాడు. దాని పక్కన సొంత దస్తూరీతో ఒక పంక్తి చేర్చాడు: మూడో వాక్యం తప్ప మిగతా అన్నిటికీ నేను పూచీ, ఆ వాక్యం నిజమో కాదో తేల్చాల్సింది మీరు. డీజీసీఏ సఫ్దర్‌జంగ్ చిరునామా రాసిన కవరులో అర్జీని అలాగే, ఆ రెండు మాటలతోనే, పెట్టారు.